మేం ఖాందానీలం కాదు, కాందిశీకులం

మా బర్మా క్యాంపులో కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు నలుగురైదుగురున్నారు. తిరుపతి సగం మంది చూశారు. రంగూన్ సంగతి చెప్పనక్కర్లేదు, అందరం అక్కడ పుట్టినవాళ్ళమే. వరంగల్ చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. తిరిగొచ్చిన దగ్గర్నుంచి నన్ను కుట్టుమిషను ముందు కూర్చోనివ్వడం లేదు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే చొక్కాలు ఆలస్యమవుతున్నాయి, చెప్పకపోతే గర్వం తలకెక్కిందంటున్నారు. అందుకని అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మమ్మల్ని ఎరగనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు సూర్యనారాయణ, దర్జీని. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి బర్మా పోయారు. అక్కడ ప్రభుత్వం మారి, దుకాణాలూ మిల్లులూ లాక్కున్నాక మేం ఓడెక్కి తిరిగొచ్చి విశాఖపట్నంలో దిగాం. బర్మాలో మమ్మల్ని 'కలా' అనేవారు, అంటే సముద్రం అవతలి మనిషి అని. ఇక్కడికొచ్చాక 'బర్మావాళ్ళు' అంటున్నారు. సర్కారు కాగితాల్లో మాత్రం 'కాందిశీకులు' అని రాస్తారు. ఆ మాట నోరు తిరగడానికే మాకు ఏడాది పట్టింది.

మా చెల్లెలి కూతురు రమణ. మా బావకు కాగితాలు కుదరక వాళ్ళ కుటుంబం అక్కడే చిక్కుకుపోయి, మా అందరికంటే ఆఖర్న, రెండేళ్ళ కిందట వచ్చింది. రమణ రంగూన్‌లో పెద్ద పరీక్ష పాసయింది, లెక్కల్లో డిస్టింక్షన్ కూడా. అది ఇక్కడి ఇంటర్‌తో సమానమని మా వాదన, కాదని లోకం వాదన. ఒక కాలేజీలో ఇంటర్ మళ్ళీ చదవమన్నారు, ఇంకొకచోట పదో తరగతి, మరొకచోట ఏడు. ఇంకో కాలేజీకి తీసుకెళ్తే పలకా బలపం తెచ్చుకోమంటారేమోనని భయమేసింది.

ఈ జూలైలో రమణ గనక డిగ్రీలో చేరకపోతే నూలు మిల్లులో కాందిశీకుల కోటాలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. సోమవారం చేరాలి. మా బావకు అదే నయమనిపించింది, అతని తప్పు లేదు, ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ. కానీ మిల్లులో చేరిన పిల్ల మళ్ళీ కాలేజీ మెట్లెక్కడం మా క్యాంపులో ఇంతవరకు ఎవరూ చూడలేదు. హనుమకొండలో ఒక ఆడపిల్లల కాలేజీ ఉందని, ప్రిన్సిపాలమ్మ సర్టిఫికెట్లు స్వయంగా చూసి మాట్లాడుతుందని, శనివారం దాకా గడువుందని మా వీధికొచ్చే మందుల కంపెనీ ఏజెంటు చెప్పాడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు ఇది. బుధవారం సాయంత్రం మేనకోడల్ని తీసుకుని వాల్తేరులో బండెక్కాను.

బండిలో

మా చెల్లెలు పులిహోరతో పాటు ఒక రేకు డబ్బాలో ఙపి పెట్టింది. తెలుగు అక్షరమాలలో ఙ ఎందుకుందో పెద్ద పెద్ద పంతుళ్ళే చెప్పలేరు. మాకు తెలుసు, ఙపి రాయడానికి. చిన్న రొయ్యలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, దంచి, మురగబెట్టిన ముద్ద అది. బర్మాలో అది లేకుండా ముద్ద దిగదు. ఆ వాసనకు అలవాటున్నవాడికి ఆకలేస్తుంది, లేనివాడు కిటికీ వెతుక్కుంటాడు.

అనకాపల్లి దాటాక డబ్బా తెరిచాను. ఎదుటి బల్ల మీద పెద్దమనిషి ముక్కు మూసుకుని, ఎక్కడో ఎలక చచ్చిందన్నాడు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా లేచి బల్లల కింద వెతకడం మొదలుపెట్టారు. అందరూ వెతుకుతుంటే కూర్చుని తినడం మర్యాద కాదని డబ్బా మూసి నేనూ వెతికాను. ఎలక దొరకలేదు గానీ తుని వచ్చేసరికి మాకు చెరొక బల్లా దొరికింది. రమణ నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

తెల్లవారి డోర్నకల్‌లో బండి చాలాసేపు ఆగింది. అక్కడ టీ లేదు, చాయ్ ఉంది. పావలా ఇస్తే అంత చిన్న గ్లాసు ఇచ్చాడేమిటని చూశాను గానీ, ఒక గుక్క తాగేసరికి మా వాల్తేరు టీ ఇన్నాళ్ళూ నీళ్ళని తేలింది. మా 'ఏటి' ఇక్కడ 'ఏంది' అయింది. మేం 'ఎల్తన్నాం' అంటే వీళ్ళు 'పోతానం' అంటున్నారు. ఇది కూడా తెలుగేనా మావయ్యా అని రమణ చెవిలో అడిగింది. తెలుగేనన్నాను. మాదీ తెలుగేనని వాళ్ళను ఒప్పించడమే అసలు కష్టమని నాకప్పటికి తెలీదు.

వరంగల్ స్టేషన్

స్టేషన్ బయట సమ్మయ్య అనే రిక్షా అతను మా పెట్టె అందుకుని ఎక్కడినుంచి వచ్చారని అడిగాడు. విశాఖపట్నం అంటే సరిపోయేది. నాకు కొత్త ఊళ్ళో అన్నీ వివరంగా చెప్పే జబ్బుంది. "బర్మా నుంచి వచ్చిన కాందిశీకులం బాబూ" అన్నాను.

సమ్మయ్య పెట్టె కింద పెట్టాడు. "ఖాందానీలా?" అన్నాడు.

నాకు ఉర్దూ రాదు. ఇక్కడ కాందిశీకుల్ని అలా అంటారేమో, ఏ యాసైతేనేం, అనుకుని తలూపాను. అతను భుజం మీద తువ్వాలు తీసి రిక్షా సీటు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. పదేళ్ళుగా ఎన్నో ఆఫీసుల్లో కాందిశీకుణ్ణని చెప్పుకున్నాను. ఆ మాటకు ఎవరైనా సీటు తుడవడం అదే మొదలు. ఈ ఊరివాళ్ళు ఎంత దయగలవాళ్ళోనని నా గుండె కరిగిపోయింది.

ఖాందానీ అంటే గొప్ప వంశంవాళ్ళని, తరతరాల పేరున్న ఇంటివాళ్ళని నాకు తెలిసేసరికి ఊళ్ళో సగం మందికి మా సంగతి తెలిసిపోయింది.

హనుమకొండ చౌరస్తా

సమ్మయ్య మమ్మల్ని హనుమకొండ చౌరస్తాలో కొండయ్య సేటు దగ్గరికి తీసుకెళ్ళాడు. సేటుకు కింద బట్టల దుకాణం, మేడ మీద బాటసార్లకిచ్చే గదులు ఉన్నాయి. యాభై దాటిన మనిషి, పెద్ద పొట్ట, మెత్తని గొంతు. లాల్చీ ఎడమ భుజం కుట్టు వంకరగా ఉంది. అది చూస్తూ మాట్లాడటం నాకు చాలా కష్టమైంది. సమ్మయ్య ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సేటు గద్దె మీంచి లేచి, వీధివైపు గది ఇప్పించి, అడ్వాన్సు మాటే ఎత్తలేదు.

ఏ ఖాందాన్, అంటే ఏ వంశం అని సేటు అడిగినప్పుడు నాకు అసలు విషయం అర్థమైంది. వెంటనే చెప్పాను, అయ్యా మేం అలాంటివాళ్ళం కాదు, దిక్కూమొక్కూ లేక ఓడెక్కి వచ్చినవాళ్ళం, నేను దర్జీని అని. సేటు చిరునవ్వు నవ్వాడు. "పెద్దోళ్ళు అట్లనే అంటరు" అన్నాడు. కావాలంటే మీ లాల్చీ విప్పండి, భుజం సరిచేసి చూపిస్తానన్నాను. చూపించాను కూడా. అంత పెద్ద వంశంలో పుట్టి కూడా చేతిపని నేర్చుకున్నాడని ఆయన దుకాణంలో అందరికీ చెప్పాడు. నిజం చెప్పిన కొద్దీ మా వంశం పెరిగిపోతూ వచ్చింది.

సేటు భార్య అనసూయమ్మ మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వంకాయ కూర పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద ఉడకాలి. వీళ్ళు చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి అలాగే పోస్తారు. పొయ్యి వెలిగించడం మరిచిపోయారేమో అనుకుంటూ మూడుసార్లు పోయించుకున్నాను. వాళ్ళింట్లో గుడ్డు కూడా తినరని అప్పుడే తెలిసింది. గదిలో ఉన్న ఙపి డబ్బా గుర్తొచ్చి, చెయ్యి కడిగీ కడగక లేచాను. పరుగున పోయి డబ్బాను గుడ్డలో చుట్టి డాబా మీద నీళ్ళ తొట్టి వెనక దాచాను. సాయంత్రానికి చౌరస్తాలో ఉన్న పిల్లులన్నీ సేటు డాబా మీద సభ తీర్చాయి. అనసూయమ్మ పైకి చూసి, ఇంట్లోకి మంచివాళ్ళు వచ్చినప్పుడు ఇట్లాంటి వింతలు జరుగుతాయంది.

కాలేజీ గుమాస్తా

భోజనమయ్యాక కాలేజీకి పోయాం. ప్రిన్సిపాలమ్మ హైదరాబాదు పోయిందని, శనివారం వస్తుందని చెప్పి గుమాస్తా సర్టిఫికెట్ తీసుకున్నాడు. బర్మా లిపి ఎరగనివాళ్ళకు చెప్పాలి, అది మన తెలుగు లిపికి దగ్గరి చుట్టం. అన్నీ గుండ్రాలే. గుమాస్తా దాన్ని తెలుగే అనుకుని కాసేపు చదవబోయాడు. అద్దాలు తుడుచుకున్నాడు. తలకిందులుగా తిప్పి చూశాడు.

"అన్నీ సున్నలే ఉన్నై గదయ్యా. గిన్ని సున్నలొచ్చిన పిల్లకు సీటెట్ల ఇస్తరు?" అన్నాడు.

అవి మార్కులు కావు, అక్షరాలని రమణ వేలు పెట్టి చదివి చెప్పింది. పేరు దగ్గర మ ఖిన్ వే అని ఉంది, మ అంటే అక్కడ ఆడపిల్లల పేరు ముందు పెట్టే మాట. అక్కడి బళ్ళో మా పిల్లలందరికీ బర్మా పేర్లు పెట్టేవారు. ఇంట్లో రమణ, బళ్ళో ఖిన్ వే. ఈమె ఎవరు, ఆమె ఎవరు, ఇద్దరికీ ఒకే సీటు ఎలా అని గుమాస్తా అడిగాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇలాంటి కాగితం చూడటం అతనికి అదే మొదటిసారి, అది సహజమే.

ఆ తర్వాత లోకలా నాన్‌లోకలా అన్నాడు. వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్ అట. అయితే రంగూన్‌లో లోకల్ అన్నాను. అది ఏ జిల్లాలో ఉందన్నాడు. దేశమే వేరన్నాను. అలాగైతే అక్కడే సీటు అడగడం మంచిది కదా అని, నిజంగా మా మేలు కోరే సలహా ఇచ్చాడు.

రమణ అంతవరకు తల వంచుకుని ఉంది. "అక్కడా నాన్‌లోకల్ అనే కదండీ పంపించీసారు" అంది.

గుమాస్తా సర్టిఫికెట్ మడత పడకుండా జాగ్రత్తగా తిరిగిచ్చి, శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. దారిలో నేను ఏవేవో జోకులు వేశాను. రమణ నవ్వలేదు. సోమవారం మిల్లుకు ఏ బండిలో పోతే అందుతుందని అడిగింది. నాకు ఆ రోజు పచ్చిపులుసు తలుచుకున్నా నోరూరలేదు.

ఖిలా వరంగల్

శుక్రవారం ఊరికే కూర్చుంటే పిల్ల దిగులు పెట్టుకుంటుందని కోట చూడటానికి బయల్దేరాం. సమ్మయ్య డబ్బులొద్దన్నాడు. గదిలో సర్టిఫికెట్ పెట్టి పోవడానికి మనసొప్పక రమణ దాన్ని చంకలో పెట్టుకొచ్చింది. చెరువు కట్ట ఎత్తు దగ్గర మేమిద్దరం దిగి రిక్షా తోశాం. ఖాందానీలు రిక్షా తోస్తున్నారని సమ్మయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

కోట అంటే నేను గోడలూ గదులూ ఉంటాయనుకున్నాను. మట్టికట్టా రాతిగోడా దాటి లోపలికి పోతే, మధ్యలో నాలుగు వైపులా నాలుగు పెద్ద రాతి తోరణాలు నిలబడి ఉన్నాయి. వాటికి తలుపుల్లేవు, పక్కన గోడల్లేవు. మిగతాదంతా విరిగిన నంది, ఏనుగు, హంస ముక్కలు. రమణ ఒక తోరణంలోంచి లోపలికి పోయి, పక్కనుంచి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. ఏటే అంటే, "ఎటునుంచైనా లోపలికి పోవచ్చు మావయ్యా, ఎవరూ అడగరు" అంది. 

అక్కడొక శాసనం రాయి ఉంది. సమ్మయ్య దాన్ని చూశాడు, రమణ చంకలో కాగితం చూశాడు, రాయి చూశాడు. రెండిటిలోనూ గుండ్రాలే. అతని ముఖం వెలిగిపోయింది. కోట పడిపోయిననాడు పారిపోయిన రాజులు బర్మా పోయారని, వాళ్ళ వంశమే ఇప్పుడు తిరిగొచ్చిందని అప్పటికప్పుడు చరిత్ర తయారుచేశాడు. మేకలు కాసేవాళ్ళు, వేరుశనగకాయలు అమ్మే ముసలామె, కోట చూడటానికి వచ్చిన ఒక పెళ్ళివారి గుంపు చుట్టూ చేరారు. రమణను రాయి చదవమన్నారు.

తనకు చదవడం రాదని రమణ చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. రాజుల పిల్ల ఊరికే చదువుతుందా అని సమ్మయ్య అనేసరికి పెళ్ళిపెద్ద రూపాయి తీసి రాయి మీద పెట్టాడు. ఏ కాలేజీలోనూ దొరకని మర్యాద, ఆమెకు చదవడం రాని రాయి ముందు దొరికింది. రమణ రూపాయి ఆ ముసలామెకిచ్చి వేరుశనగకాయలు తీసుకుని అందరికీ పంచింది. రాజులంటే అట్లుండాలని జనం మెచ్చుకున్నారు. ఆ రెండు రోజుల్లో రమణ నవ్వింది అప్పుడే.

శనివారం

పొద్దున్నే సేటు ఉతికిన లాల్చీ తొడుక్కుని, నేను కుట్టిన భుజం సవరించుకుంటూ మాతో బయల్దేరాడు. ఖాందానీ పిల్లను గుమాస్తా నిలబెట్టి అడిగాడని సమ్మయ్య చెప్పాడట. నేను మళ్ళీ అసలు సంగతి చెప్పబోయాను. "జర ఊకో, నేను మాట్లాడత" అన్నాడు సేటు.

ప్రిన్సిపాలమ్మ సన్నగా ఉంది, నెరిసిన జుట్టు, తెలుగులో పెద్ద చదువు చదివిన మనిషి అట. సర్టిఫికెట్‌ను తిప్పలేదు. రమణ చేతికే ఇచ్చి, గట్టిగా చదివి అర్థం చెప్పమంది. విన్నాక, ఈ చదువు ఇంటర్‌తో సమానమా కాదా, పిల్ల లోకలా నాన్‌లోకలా తేల్చేది యూనివర్సిటీ అని, తానే వాళ్ళకు రాస్తానని, జవాబొచ్చేదాకా బీయస్సీ క్లాసులో కూర్చోనిస్తానని చెప్పింది. కాకపోతే హాస్టల్లో ఉండాలంటే ఈ ఊరివాళ్ళెవరైనా పూచీగా సంతకం పెట్టాలి. సంతకం ఈ రోజే కావాలి. లేకపోతే వచ్చే ఏడు చూద్దామంది.

నాకు వచ్చే ఏడు లేదు, సోమవారం మాత్రమే ఉంది. నేను నోరు తెరిచేలోపే సేటు గొంతు సవరించుకుని, వీళ్ళు సామాన్యులు కారని, బర్మా నుంచి వచ్చిన పెద్ద ఖాందానీలని, కోటవాళ్ళని చెప్పి, సంతకానికి కలం తీశాడు.

ప్రిన్సిపాలమ్మ అద్దాలు తీసి నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత, ఖాందానీలు కారు సేటుగారూ, కాందిశీకులు అంది. తెలియక సంతకం పెట్టకూడదని, ఆ మాటకు అర్థం కూడా చెప్పింది. కాం దిశం అంటే సంస్కృతంలో 'ఏ దిక్కుకు' అట. ఉన్న ఊరు పోయి, ఏ దిక్కుకు పోను అని అడుగుతూ తిరిగేవాడు కాందిశీకుడట. పదేళ్ళు ఆ మాటను కాగితాల మీద మోశాను. దానిలో ఇంత ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

సేటు కలం గాలిలో ఆగిపోయింది. నా వైపు చూశాడు. మొదటి రోజు నుంచి చెబుతూనే ఉన్నానని నసిగాను.

"చెప్పినవ్. నేనే వినలే" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. బజారంతా చెప్పుకున్న మనిషి, ఇప్పుడు బజారంతా నవ్వుతుంది. నేను కాళ్ళు కూడదీసుకున్నాను, లేచి పోవడానికి. బండి వేళ కూడా మనసులో లెక్కేసుకున్నాను.

సేటు రమణ వైపు తిరిగాడు. "ఏ దిక్కు పోవాల్నో తెల్వకనే వచ్చినవా బిడ్డా?"

రమణ తలూపింది. కళ్ళనిండా నీళ్ళు, పడనివ్వలేదు.

సేటు కలం విదిలించి మళ్ళీ ప్రిన్సిపాలమ్మ వైపు వంగాడు. "మేడం, మీరు సదువుకున్నోళ్ళు. కని దిక్కంటే తూర్పు పడమర ఒక్కటే కాదు. ఈ పిల్లకు హన్మకొండల దిక్కెవరంటే కొండయ్య అని రాసుకోండ్రి" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. గుమాస్తా కాగితం తెచ్చి, పిల్లకు ఈయన ఏమవుతాడని రాయాలని అడిగాడు. ఆయన చెప్పిందే రాయండి అంది ప్రిన్సిపాలమ్మ. గుమాస్తా ఒక నిమిషం తల గోక్కుని, ఆ గడిలో 'దిక్కు' అని గుండ్రంగా రాశాడు.

సీటు వచ్చిందని రాయను. కూర్చునే చోటు వచ్చింది. యూనివర్సిటీ జవాబు ఇది రాసేనాటికింకా రాలేదు, రమణ మాత్రం రోజూ క్లాసుకు పోతోంది. ఆదివారాలు అనసూయమ్మ దగ్గర పచ్చిపులుసు నేర్చుకుంటోందట. సేటు పూర్తిగా మారాడనీ అనుకోకండి, బజారులో అడిగినవాళ్ళకు మావాళ్ళు ఖాందానీలేనని ఇప్పటికీ చెబుతున్నాడట, ఇప్పుడు తెలిసే చెబుతున్నాడట. ఇది చదివేవాళ్ళలో కాలేజీల్లో పనిచేసేవారుంటే ఒక్క మనవి. మీ బల్ల ముందుకు అన్నీ సున్నలున్న కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే తలకిందులుగా తిప్పకండి. చదివి చెప్పమని ఆ పిల్లనే అడగండి.

ఆ రోజు రమణను హాస్టల్లో దింపి, సేటూ నేనూ గేటు బయట నిలబడ్డాం. వాన తుంపర పడుతోంది. సమ్మయ్య రిక్షా తెచ్చి, రాజులా కారా అన్నదేమీ తేల్చకుండా, ఎందుకైనా మంచిదని సీటు తుడిచాడు.

"మరి నువ్వెటు పోతవ్ సూరన్నా?" అని సేటు అడిగాడు.

"ఇంటికి సేటూ" అన్నాను.

బర్మా క్యాంపును ఇల్లనడం నాకు అదే మొదటిసారి. రిక్షా స్టేషన్ దారి పట్టాక గానీ ఆ సంగతి నేను గమనించలేదు.